మూడు మెట్లు మింగిన రోడ్డు

నేను మున్సిపల్ ఆఫీసులో పదకొండు కాగితాలు ఇచ్చాను. పదకొండింటి మీదా ముద్ర వేసి, తేదీ రాసి, ఒక ప్రతి నా చేతిలో పెట్టి పంపించారు. ఇంతవరకు ఒక్కదానికీ జవాబు రాలేదు. ముద్ర జవాబు కాదు. కాగితం అందిందని చెప్పడం వేరు, అందులో ఏముందో చదివి మాట్లాడటం వేరు. ఈ తేడా ఆఫీసులో వాళ్ళకి తెలియదని నేను అనుకోను. తెలిసే ఊరుకున్నారు.

నేను అడిగింది పెద్ద విషయం కూడా కాదు. అమీర్‌పేటలో మా సందులో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారు తీయకుండా దాని మీదే కొత్తది పరుస్తున్నారు. రోడ్డు పైకి లేస్తోంది. మా ఇల్లు ఉన్నచోటే ఉంది. ఇంకెంత ఎత్తు లేపుతారు అని అడిగాను. వచ్చేసారి వేసేముందు పాతది పెళ్ళగిస్తారా, లేదా? అవునని చెప్పినా సరే, కాదని చెప్పినా సరే. అది తెలిస్తే మేమీ ఇంట్లో ఉండాలో, అమ్ముకుని పోవాలో తేల్చుకుంటాం. నా గొడవంతా ఇంతే.

ఈ ఇల్లు కొన్నప్పుడు వీధిలోంచి మూడు మెట్లు ఎక్కి వరండాలోకి వచ్చేవాళ్ళం. నల్లటి కడప రాయి మెట్లు. సాయంత్రం మధ్య మెట్టు మీద కూర్చుని మా ఆవిడ గోరుచిక్కుళ్ళు తుంచేది. పై మెట్టు మీద నేను పేపరు చదివేవాణ్ణి. కింది మెట్టు మాది కాదన్నట్టే ఉండేది. ఆటో కోసం చూసేవాళ్ళు, అడ్రసు వెతికి వెతికి అలిసిపోయినవాళ్ళు అడక్కుండానే కూర్చునేవారు. మేమూ ఏమీ అనేవాళ్ళం కాదు.

అప్పట్లో మెయిన్ రోడ్డు మీద ఒక మేడ మొదటి అంతస్తులో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పన్నెండు మిషన్లు, పొద్దున ఆరు నుంచి బ్యాచీలు. తరవాత ఆ మేడ మెట్ల దగ్గర నా బోర్డు పైన ఇంకో బోర్డు వచ్చింది, దాని పైన మరోటి, అలా నాలుగో అంతస్తు దాకా కంప్యూటర్ కోర్సులే. పిల్లలు నా గుమ్మం ముందు ఆగి, "అంకుల్, జావా డెమో క్లాసు ఎక్కడ?" అని నన్నే అడిగేవారు. పైకి చూపించేవాణ్ణి. రెండేళ్ళు దారి చూపించి మూసేశాను. ఒక్క మిషన్ మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. ఆ పదకొండు కాగితాలూ దాని మీద కొట్టినవే, మధ్యలో కార్బన్ పెట్టి.

అప్పటినుంచి ఇల్లు నడిచింది మా ఆవిడ కుట్టుపని మీద. ముందు గదిలో వీధివైపు కిటికీ పక్కన రెండు కుట్టు మిషన్లు, గోడకి నిలువుటద్దం, మేకులకి వేలాడే సగం కుట్టిన బట్టలు. మా సందులో ఇంటికొక హాస్టలు వచ్చింది. కోర్సుల కోసం వచ్చిన ఆడపిల్లలు చుడీదార్లు కుట్టించుకునేవారు, ఊరినుంచి తెచ్చుకున్న జాకెట్లు బిగించుకునేవారు, ఇంటర్వ్యూ ముందురోజు పరిగెత్తుకొచ్చి ప్యాంటు పొడవు తగ్గించమనేవారు. కుట్టించుకుంటూ ఏడ్చేవాళ్ళు కూడా ఉండేవారు. మా ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని వినేది. మాట్లాడటానికి వీలుండదు కాబట్టి ఆమె మంచి శ్రోత అని పేరొచ్చింది.

ఆ హాస్టళ్ళకీ ఆ కోర్సులకీ కేబుల్ కావాలి. ఒకసారి ఇంటర్నెట్ కేబుల్ అన్నారు, ఇంకోసారి ఫోన్ కేబుల్ అన్నారు, మధ్యలో మంచినీళ్ళ పైపు అన్నారు. తవ్వారు, పూడ్చారు, మళ్ళీ తవ్వారు. చివరికి సందు మొత్తానికీ కొత్త రోడ్డు వేశారు. కింది మెట్టు తారులో కలిసిపోయింది. "పోనీలెండి, మోకాళ్ళకి సుఖం," అని నవ్వింది మా ఆవిడ. రెండోసారి వేసినప్పుడు మధ్య మెట్టు పోయింది. ఆమె నవ్వలేదు. మూడోసారి వీధి, వరండా ఒక్కటైపోయాయి. నాలుగోసారి మా గేటు బయటికి తెరుచుకోవడం మానేసింది. మేస్త్రిని పిలిచి లోపలికి తెరుచుకునేలా తిప్పి బిగించుకున్నాం. మూడు మెట్లు ఎక్కే ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టంత దిగుతున్నాం.

ఆ ఏడు మొదటి పెద్ద వాన మధ్యాహ్నం భోజనాల వేళ పడింది. వీధంతా వాలు మా గేటు వైపే ఉందని ఆ రోజే తెలిసింది. నీళ్ళు వచ్చాయి, నీళ్ళతో బండ్ల ఆయిలు, టీ కప్పులు, ఒక చెప్పు. మేం మిషన్ల మోటార్లు పైకెత్తే హడావిడిలో ఉండగా కింద పెట్టిన సంచీ మునిగింది. అందులో ఒక హాస్టలు అమ్మాయి పెళ్ళి చీర, జాకెట్టు ఉన్నాయి, జాకెట్టు చేతులకి పూసలు కుట్టడం కూడా అయిపోయింది. జాకెట్టు ఎరుపు రంగు దిగి పసుపు చీర అంచుకి పట్టుకుంది. ఆ పిల్ల సాయంత్రం వచ్చి చూసి, "పర్లేదాంటీ," అంది. తిట్టి ఉంటే బాగుండేది. మా ఆవిడ కొత్త గుడ్డ తెచ్చి మళ్ళీ కుట్టి ఇచ్చింది. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. ఆమె గదిలో అమ్మాయిలూ రాలేదు.

గది కడిగి ఆరబెట్టాక మా ఆవిడ గచ్చు మీదే కూర్చుని చెప్పింది. "ఇంకోసారి నీళ్ళు లోపలికి వస్తే నేనిక్కడ కుట్టను. మరి ఎక్కడ కుట్టాలో, ఎక్కడ ఉండాలో మీరే తేల్చండి."

ఎక్కడో తేల్చి పెట్టుకుని ఉన్న మనిషి మా ఎదురుగానే ఉన్నాడు. ఎదురింటాయన. ఇదంతా పొలాలుగా ఉన్న రోజుల్లో ఆయన తాత ఇక్కడే జొన్న వేసేవాడట. ఆ పాత ఇల్లు పడగొట్టి, నడుమెత్తు పునాది లేపి మూడంతస్తుల హాస్టలు కట్టాడు. మా స్థలం కూడా కలిస్తే ఇంకో హాస్టలు అవుతుందని ఆయన ఎప్పుడూ దాచలేదు.

"రోడ్డు ఎంత లేస్తే మనం అంత లేవాలె సార్," అన్నాడు ఆ రోజు, మేము బకెట్లతో నీళ్ళు ఎత్తిపోస్తుంటే పై నుంచి చూస్తూ. "లేవకుంటే నాకిచ్చెయ్యుండ్రి. మంచి రేటే ఇస్త. మీకెందుకు గీ పరేషాన్?"

అమ్మను అని చెప్పాను. మర్నాడు మొదటి కాగితం కొట్టాను.

మా ఇంటి నుంచి పంజాగుట్ట మీదుగా ఆఫీసుకి నడకే. ఆ రోడ్డు దాటడానికి నాకు పావుగంట పట్టేది. షేర్ ఆటోలు ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పోతుంటే, చంకలో కవరు పెట్టుకుని ఇటు ఒక అడుగు, అటు ఒక అడుగు వేస్తూ నిలబడేవాణ్ణి. ఆఫీసు ఒక సందులో పాత రెండంతస్తుల బిల్డింగు. కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ టేబుల్ దగ్గర ఒక గుమాస్తా ఉండేవాడు, నా వయసువాడే.

"ఏం సమస్య సార్? నీళ్ళా? నీళ్ళయితే ఈడ కాదు, నీళ్ళ బోర్డుకు పోవాలె."

"నీళ్ళు కాదు, రోడ్డు."

"ఖరాబైందా?"

"లేదు. బాగానే ఉంది. ఎత్తుగా ఉంది."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "మంచిగున్న రోడ్డు మీద కంప్లైంటేంది సార్?"

ఆ మాటలో తప్పు లేదని ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆయన దగ్గరున్న ఫారంలో గళ్ళు ఉన్నాయి. గుంత, చెత్త, వీధి దీపం, డ్రైనేజీ, కుక్కలు. రోడ్డు పెరిగిందని చెప్పడానికి గడి లేదు. కాసేపు పైకీ కిందకీ వేలు తిప్పి, రోడ్డుకి దగ్గరగా ఉన్నదని గుంత అన్న గడిలో టిక్కు పెట్టాడు. నేను వద్దన్నాను. "ఏదో ఒకటి పెట్టకుంటే లోపలికి పోదు సార్, జర సమజ్ చేస్కోండ్రి," అన్నాడు.

పది రోజులకి కాగితం తిరిగొచ్చింది. పరిశీలించగా సదరు స్థలంలో గుంత కనబడలేదు, ఫిర్యాదు మూసివేయడమైనది. నిజమే, గుంత లేదు. ఎవరో వచ్చారు, మా ఇంటి ముందు నిలబడి నున్నటి రోడ్డు మీద గుంత కోసం వెతికారు, వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే గేటు లోపల, ఒక మెట్టు కింద, మేం ఉన్నాం. తల తిప్పితే కనబడేవాళ్ళం.

నేను మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. నాలుగోసారి నేను ఆఫీసు వరండాలోకి అడుగు పెడుతుంటే ఆ గుమాస్తా పక్క టేబులాయనతో, "గుంత సార్ వచ్చిండు," అన్నాడు. మెల్లగానే అన్నాడు, నాకు వినబడదనుకున్నాడు. ఇరవై ఏళ్ళు పన్నెండు మిషన్ల చప్పుడులో ఏ పిల్లవాడి ఏ వేలు ఏ అక్షరం తప్పిందో పట్టుకున్న చెవులు నావి. ఇంటికి వచ్చి ఐదో కాగితం కొట్టాను, గుంత అన్న మాట ఎక్కడా రాకుండా.

ఐదో కాగితానికి ఇంజనీరు వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. హెల్మెట్ చేత్తో పట్టుకుని, చెప్పులు విప్పి మరీ వరండాలోకి దిగాడు. టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. నాకు చాలా సంతోషం వేసింది. ఎవరో ఒకరు కొలిచారు కదా అని.

"మీ ఇల్లు బాగా కిందకి ఉందండీ," అన్నాడు.

"ఇల్లు కిందకి దిగలేదు బాబూ. రోడ్డు పైకి వచ్చింది."

"ఏదైనా లెవెల్ తేడానే కదండీ. గేటు దగ్గర ఇటుకలతో చిన్న గట్టు కట్టుకోండి. ఈ ఏరియాలో అందరూ అదే చేస్తున్నారు."

"వచ్చేసారి పాత తారు తీసి వేస్తారా, తీయకుండా వేస్తారా? అది చెప్పండి."

"అది ఎస్టిమేట్ వచ్చినప్పుడు చూస్తామండీ."

"ఎస్టిమేట్ ఎప్పుడొస్తుంది?"

"పనికి శాంక్షన్ అయ్యాక."

"శాంక్షన్ అయ్యాక మార్చడానికి వీలుంటుందా?"

అతను నవ్వాడు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే తాగి, గ్లాసు తనే కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడే ఆమె మేస్త్రిని పిలిచి గేటుకి అడ్డంగా ఇటుక గట్టు కట్టించింది. నేను వద్దన్నాను. గట్టు కట్టుకుంటే తప్పు మన ఇంటిదేనని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందన్నాను. "మీ వాదన నీళ్ళకి వినిపించండి," అంది. అప్పటినుంచి ఇంట్లోకి రావాలంటే గట్టు ఎక్కి, లోపలికి దిగాలి. బట్టలు తెచ్చే అమ్మాయిలు చుడీదారు పైకెత్తి దాటేవారు. ఒక ముసలావిడ బయటే నిలబడి గుడ్డ అందించి, కొలతలు అక్కడే ఇచ్చి వెళ్ళేది.

ఆ రోజుల్లో నాకు ఒకచోట నిలకడ ఉండేది కాదు. మధ్యాహ్నం మబ్బు పడితే వరండాలోకి వచ్చేవాణ్ణి, గేటు దాకా వెళ్ళేవాణ్ణి, తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చుని ఒక వాక్యం కొట్టి మళ్ళీ లేచేవాణ్ణి. వీధిలో గడ్డపార చప్పుడు వినబడితే అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. ఎదురింటాయన బాల్కనీలోంచి చూస్తుండేవాడు.

"గిట్ల కాయితాలు కొట్టుకుంట కూసుంటే కాదు సార్," అన్నాడు ఒకరోజు. "పొద్దుగాల కార్పొరేటరమ్మ ఇంటికి పోండ్రి. ఆమె లెటర్ మీద రాసిచ్చిందనుకో, ఆఫీసోళ్ళు లేచి నిలబడ్తరు. ఉత్త కాయితానికి ఎవడు లేస్తడు?"

నేను వెళ్ళను అన్నాను. కారణం ఉంది. అంతకు ముందు మా వార్డు మీటింగులో చెయ్యెత్తి ఇరవై నిమిషాలు నిలబడ్డాను. మైకు నా ముందు నుంచే వెళ్ళి అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షుడికి చేరింది. నా వంతు అడిగితే, సొంత సమస్యలు చివర్లో అన్నారు. చివర్లో టీ ఇచ్చారు. మైకు తిప్పింది కార్పొరేటరమ్మ కాదు, ఆమె మనిషి. అయినా నాకు ఆ గుమ్మం తొక్కబుద్ధి కాలేదు. ఇంటి పన్ను కట్టే మనిషి మాటకి ఇంకొకరి లెటర్‌హెడ్ ఎందుకు తోడు కావాలన్నది నా పట్టు.

నేను వెళ్ళలేదు. మా ఆవిడ వెళ్ళింది.

నాకు చెప్పలేదు. నా ఫైలులోంచి ఏడో కాగితం కార్బన్ ప్రతి తీసుకుని, కూరగాయలకని చెప్పి, పొద్దున్నే వెళ్ళి ఇచ్చి వచ్చింది. వారం తరవాత ఫైలు సర్దుకుంటుంటే ఆ ప్రతి కనబడలేదు. అడిగాను. దాచలేదు, చెప్పింది.

"నా తరఫున నిన్నెవరు వెళ్ళమన్నారు?" అన్నాను.

"మీ తరఫున వెళ్ళలేదండీ. నా మిషన్ తరఫున వెళ్ళాను."

"ఏమంది ఆవిడ?"

"మంచిగా కూర్చోబెట్టింది. మొత్తం చదివింది. ఇంత వివరంగా ఎవరు రాశారమ్మా అని అడిగింది." కత్తెర పక్కన పెట్టి, "మా ఆయన అని చెప్పాను," అంది.

ఆ మాటకి నా కోపం సగం తగ్గింది. మిగతా సగం పదిహేను రోజుల తరవాత ఆఫీసుకి వెళ్ళినప్పుడు రెట్టింపై తిరిగొచ్చింది. గుమాస్తా రిజిస్టర్ తిప్పి, నా ఏడో కాగితం మూసేశారని చెప్పాడు. ఎందుకంటే చూపించాడు. ఎర్ర సిరాతో రాసి ఉంది: ఇదే విషయంపై గౌరవ కార్పొరేటర్ గారి లేఖ అందినందున, సదరు లేఖపై చర్య తీసుకోబడుతుంది. ఫిర్యాదు విడిగా అవసరం లేదు.

"మంచిదే కద సార్," అన్నాడు. "మీది పెద్ద ఫైల్ల కలిసింది."

కలిసిందో మునిగిందో నాకు అర్థం కాలేదు. ఇంటికి వచ్చి మా ఆవిడతో మూడు రోజులు మాట్లాడలేదు. నా కాగితం తనంతట తాను నిలబడి ఉండేది, నువ్వు తీసుకెళ్ళి ఇంకొకరి కాగితం కింద పడేశావు అన్నాను. ఇది మాట్లాడటం కిందకి రాదనుకుంటే, మూడు రోజులు. నాలుగో రోజు ఆమె, "ఆ చర్య ఏమైందో వెళ్ళి అడగచ్చుగా," అంది. అడగచ్చు. అది నాకు తోచలేదు.

కార్పొరేటరమ్మ ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. నాకంటే ముందు తొమ్మిది మంది. నా వంతు వచ్చేసరికి ఎండెక్కింది. ఆమెకి నలభై ఏళ్ళుంటాయి. టేబుల్ మీద చపాతీ డబ్బా మూత తీసి ఉంది, తినలేదు. పేరు చెప్పగానే, "టైపు కాయితం సార్ మీరేనా?" అంది. గుంత సార్ కంటే నయం.

నా ఫిర్యాదు ఆమె లేఖ కారణంగా మూసేశారని చెప్పాను. ఆమె మొహం మారింది. లోపలికి వెళ్ళి ఒక ఫైలు తెచ్చింది. నా ఫైలు కంటే లావుగా ఉంది. అందులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. ఆమె లేఖకి ఆఫీసు ఇచ్చిన సమాధానం. సదరు వీధి నివాసి నుంచి నేరుగా ఫిర్యాదు అందియున్నది, దానిపై చర్య తీసుకోబడుతుంది, కావున తమ లేఖపై విడిగా చర్య అవసరం లేదు.

నేను రెండుసార్లు చదివాను. నా కాగితం ఆమె కాగితం చూసుకుంటుందని మూసేశారు. ఆమె కాగితం నా కాగితం చూసుకుంటుందని మూసేశారు. రెండూ ఒకే వారంలో. రెండింటి కిందా ఉన్నది ఒకే సంతకం.

"చూసిన్రా సార్," అంది ఆమె. "నీ పని ఆయన జేస్తడు, ఆయన పని నువ్వు జేస్తవు. ఇద్దరి పని అయిపోయింది. రోడ్డు ఆడ్నే ఉన్నది."

"మీరు మీటింగులో అడగలేదా?"

"అడగలేదా అంటరా? మీ సందు గురించి, వెనకాల నాలా గురించి, మూడు పార్కుల గురించి అడిగిన. అడిగినప్పుడల్లా నోట్ చేసుకున్నం మేడం అంటరు. నాకు సుత మీ లెక్కనే. మీకు ముద్రేసి పంపుతరు, నాకు నమస్తే పెట్టి పంపుతరు."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అన్నాళ్ళూ కార్పొరేటర్లకి దారి సాఫుగా ఉంటుందని, మాబోటి వాళ్ళకే మూసేస్తారని నా నమ్మకం. ఆ నమ్మకం మీద నాకు చాలా కోపం ఉండేది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆ పూట తెలియలేదు.

ఆమె నా ముందే ఇంజనీరుకి ఫోన్ చేసింది. "ఏమయ్యా, సార్ నా ముంగటే ఉన్నడు. రెండు కాయితాలు సుత నా టేబుల్ మీదున్నయి. ఏది ఎవరు చూస్తున్నరో జర నువ్వే వచ్చి చెప్పు." అవతల వైపు ఏమన్నాడో వినబడలేదు. ఆమె ఫోన్ పెట్టేసి, "రేపొస్తడు," అంది.

మర్నాడు వచ్చాడు. అదే కుర్రాడు, అదే మర్యాద. గట్టు దాటి లోపలికి దిగి, వరండాలో బల్ల మీద ఒక కాగితం పరిచాడు. మా గేటు ముందు రోడ్డుకి అడ్డంగా చిన్న కాలువ కోసి, పైన ఇనుప జాలీ వేసి, నీళ్ళు పక్క డ్రైనేజీలోకి మళ్ళిస్తామన్నాడు. రెండు రోజుల పని.

"మంచిది బాబూ," అంది మా ఆవిడ నా కంటే ముందు.

"ఇక్కడ సార్ ఒక సంతకం పెట్టాలండీ."

చదివాను. నా సమస్య పూర్తిగా పరిష్కారమైనది, ఈ విషయమై ఇకపై నాకు ఎలాంటి ఫిర్యాదు లేదు అని ఉంది.

"కాలువ ఇంకా కోయలేదు కదా?"

"సంతకం అయితే రేపు మనుషుల్ని పంపిస్తానండీ. పైన రెండు ఫైళ్ళు ఉన్నాయి కదా మీవి, రెండూ క్లియర్ అవ్వాలి. లేకపోతే మెటీరియల్ ఇవ్వరు."

"సరే. పాత తారు తీసి వేస్తారా, తీయకుండా వేస్తారా? అది ఇందులో ఒక వాక్యం రాయండి. పెడతాను."

"అది నా చేతిలో లేదండీ."

"ఎవరి చేతిలో ఉందో రాయండి. అయినా పెడతాను."

అతను పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "సార్, నేను కాలువ వరకు చేయగలను. నిజంగా చేస్తాను. మీ ప్రశ్నకి జవాబు మా ఆఫీసులో ఎవరూ రాసివ్వరు. రాస్తే ఈ ఏరియాలో ప్రతి ఇల్లూ అడుగుతుంది."

నేను విన్న వాటిలో నిజమైన మాట అదొక్కటే. అందుకే అతని మీద నాకు కోపం లేదు. కానీ సంతకం పెట్టలేదు. వచ్చేసారి ఇంకో పొర వేస్తే ఆ కాలువ, ఆ జాలీ అన్నీ తారు కింద ఉంటాయి. అప్పుడు నేను వెళ్తే, ఇకపై ఫిర్యాదు లేదని రాసిచ్చారు కదా అంటారు. నా నోరు నేనే కట్టేసుకున్నట్టు అవుతుంది.

మా ఆవిడ నా వైపు చూసింది, కాగితం వైపు చూసింది. "పెట్టండి," అంది మెల్లగా. నేను పెట్టలేదు. ఆ అబ్బాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆమెకి నమస్కారం చేసి గట్టు దాటి వెళ్ళాడు. ఆమె లోపలికి వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది. కుట్టిన చప్పుడు మాత్రం చాలాసేపు వినబడలేదు.

పంతొమ్మిది రోజులకి వాన పడింది. పట్టపగలే, నాలుగు గంటలప్పుడు. నేను గేటు దగ్గరే ఉన్నాను. వీధిలో పారిన నీరు గట్టు దాకా వచ్చి ఆగింది, నిండింది, ఒక పక్క ఇటుక కదిలింది. నేను కాలు అడ్డం పెట్టాను. పక్క నుంచి ఇంకో ఇటుక జారింది. తరవాత కాలు తీసేశాను.

సంతకం పెట్టి ఉంటే ఆ రోజు నీళ్ళు వచ్చేవి కావు. మా ఆవిడ ఈ మాట ఒక్కసారే అంది. నేనే రోజూ అనుకుంటున్నాను. అయినా పెట్టకపోవడం తప్పని నేను అనను. ఆ రెండూ ఒకేసారి నిజం కావడం ఎలా కుదురుతుందో నాకు తెలియదు.

ఆ సాయంత్రమే ఆమె రెండు మిషన్లూ ఎదురింటికి మార్చింది. ఆయన తన హాస్టలు కింద షట్టరు గది ఇచ్చాడు. "ఎన్ని రోజులైనా వాడుకో అక్కా, ఫికర్ చేయకు," అన్నాడు. మంచిగానే అన్నాడు. నిలువుటద్దం నేనే మోసి ఇచ్చాను. ఇప్పుడు ఆమె పొద్దున వంట చేసి అటు వెళ్తుంది, చీకటి పడకముందు ఇటు వస్తుంది. వరండాలో కూర్చుంటే వీధికి అవతల, నాకంటే నడుమెత్తు పైన, ఆమె తల వంచుకుని కుట్టడం కనబడుతుంది. అమ్మాయిలు మళ్ళీ వస్తున్నారు. ఆ ముసలావిడ కూడా లోపలికి వెళ్ళి కూర్చుని కొలతలు ఇస్తోంది.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా ఆవిడ చెప్పింది. "ఆయన ఇంటి సంగతి మళ్ళీ అడిగాడు. నేనేమీ అనలేదు. మీకు ఇక్కడ ఉండాలని ఉంటే ఉందాం. కానీ ఈసారి రోడ్డు వేసే పద్ధతి చూసి చెప్పేద్దామండీ. పాతది తీసి వేస్తే ఉందాం. మీద వేస్తే ఇచ్చేద్దాం. నాకిక అటూ ఇటూ కాకుండా ఉండటం చేతకాదు."

నేను సరే అన్నాను. ఆమె అడిగిన దాంట్లో న్యాయం ఉంది.

నిన్న మధ్యాహ్నం సందు మొదట్లో లారీ కంకర కుప్ప పోసి వెళ్ళింది. పక్కన రెండు తారు డ్రమ్ములు దించారు. నేను వెళ్ళి అడిగితే కాంట్రాక్టరు మనిషి, "మాకు ఏసెయ్యమన్నరు, ఏస్తం. తియ్యమని ఎవలు చెప్పలే," అన్నాడు. ఎప్పుడు మొదలు అంటే, రోలరు రాగానే అన్నాడు. అప్పటికప్పుడు ఇంకో కాగితం కొట్టుకుని, పంజాగుట్ట దాటుకుని పరిగెత్తినట్టే ఆఫీసుకి వెళ్ళాను. ఇంజనీరు వేరే చోటికి మారాడట. కొత్తాయన ఇంకా చేరలేదట. పదకొండో కాగితం తీసుకున్నారు.

అందుకని ఇది చదివే వాళ్ళలో ఆ ఆఫీసు మనిషి ఎవరైనా ఉంటే, పెద్దవారైనా చిన్నవారైనా, కొత్తగా చేరబోయే ఆయనైనా సరే, మీకే చెప్తున్నాను. నాకు కాలువ వద్దు, గట్టు వద్దు, నమస్కారం అసలే వద్దు. రోలరు ఇంకా రాలేదు. పొద్దున్నించి మూడుసార్లు సందు చివరికి వెళ్ళి చూసి వచ్చాను. అది వచ్చేలోగా మీలో ఒకరు మా వీధికి రండి. నాతో మాట్లాడటం ఇష్టం లేకపోతే ఎదురింటి షట్టరు గదికి వెళ్ళి ఆమెతోనే చెప్పండి. తీసి వేస్తారా, మీద వేస్తారా? చెప్పండి.